గేమింగ్ పీసీకి వాటర్ కూలింగ్: మార్కాపురం ఎండకి పనికొస్తుందా? బోరు నీళ్లు పోస్తే ఏమవుతుంది?

మే నెల మధ్యాహ్నం. మార్కాపురంలోనో గిద్దలూరులోనో మేడ మీద ఓ గది. బయట 42, 43 డిగ్రీల ఎండ. ఫ్యాన్ వేడిగాలినే తిప్పుతోంది. గేమ్ ఓపెన్ చేసిన పావుగంటకే పీసీ హోరెత్తిపోతుంది. ఫ్రేమ్స్ పడిపోతాయి. ఒక్కోసారి స్క్రీన్ నల్లబడి మెషిన్ దానంతటదే రీస్టార్ట్ అయిపోతుంది. పరిష్కారం కోసం యూట్యూబ్‌లో వెతికితే రంగురంగుల గొట్టాలు, గాజు క్యాబినెట్లు.. అందరూ చెప్పేది ఒకటే మాట: "వాటర్ కూలింగ్ పెట్టించండి".

పెట్టించొచ్చు. కానీ ఆ వీడియోల్లో చాలావరకు ఏసీ గదుల్లో తీసినవి. పశ్చిమ ప్రకాశంలో ఎండ వేరు, దుమ్ము వేరు, కరెంటు వేరు. అన్నిటికంటే ముఖ్యంగా ఇక్కడి నీళ్లు వేరు. తొందరపడి 40, 50 వేలు ఖర్చు పెట్టేముందు తెలుసుకోవాల్సిన విషయాలు చాలానే ఉన్నాయి.

నీళ్లు చల్లబరచవు.. వేడిని మోస్తాయి అంతే

చాలామంది పొరపడేది ఇక్కడే. వాటర్ కూలింగ్ అంటే ఫ్రిజ్ లాంటిదో, ఏసీ లాంటిదో కాదు. ఇందులో కంప్రెసర్ ఉండదు. ట్రాక్టర్ ముందుభాగంలో రేడియేటర్ చూశారుగా.. అదే పద్ధతి. ప్రాసెసర్ మీద కూర్చున్న రాగి బ్లాక్‌లోంచి నీళ్లు వెళ్తూ వేడిని తీసుకుంటాయి. పంపు ఆ నీళ్లను రేడియేటర్‌కి తోస్తుంది. రేడియేటర్ ఫ్యాన్లు ఆ వేడిని గదిలోకి ఊదేస్తాయి. అంటే గదిలోని గాలి కంటే చల్లగా నీళ్లు ఎప్పటికీ కావు.

బాగా కట్టిన లూప్‌లో నీళ్ల టెంపరేచర్ గది కంటే ఓ 10 డిగ్రీలు ఎక్కువ ఉంటుందని లెక్కేసుకోండి. బెంగళూరులో 25 డిగ్రీల గదిలో ఆ నీళ్లు 35 దగ్గర ఉంటాయి. అదే లూప్‌ని మే నెలలో మార్కాపురం తెచ్చి 42 డిగ్రీల గదిలో పెడితే నీళ్లే 52 డిగ్రీలు. ప్రాసెసర్ దానికి ఇంకా పైన.

మరి లాభం ఏంటి? సమాన పరిమాణంలో తీసుకుంటే గాలి కంటే నీళ్లు సుమారు 3,500 రెట్లు ఎక్కువ వేడిని మోస్తాయి. 250 వాట్ల వేడి పుట్టించే గ్రాఫిక్స్ కార్డు మీదుగా నిమిషానికి ఒక్క లీటరు నీళ్లు పారితే చాలు, ఆ నీళ్ల వేడి 4 డిగ్రీలు కూడా పెరగదు. అందుకే చిన్న చోట పుట్టే పెద్ద వేడిని దూరంగా ఉన్న పెద్ద రేడియేటర్‌కి చేర్చడం సులువవుతుంది. ఫ్యాన్లు నెమ్మదిగా తిరిగినా సరిపోతుంది కాబట్టి శబ్దం తగ్గుతుంది. గూగుల్ తన ఏఐ చిప్‌లకి 2018 నుంచే నీళ్ల కూలింగ్ వాడుతోంది. వాళ్లకది సోకు కాదు, అంత వేడిని గాలి మోయలేదు కాబట్టి.

ఇంట్లో పీసీ సంగతి వేరు. 400 వాట్లు లాగే పీసీ ఎయిర్ కూలర్‌తో ఉన్నా, నీళ్లతో ఉన్నా గదిలోకి 400 వాట్ల వేడినే వదులుతుంది. తలుపులన్నీ మూసి మూడు గంటలు ఆడితే చిన్న రూమ్ హీటర్ పెట్టుకుని కూర్చున్నట్టే. ఆ వేడి గాలినే రేడియేటర్ మళ్లీ పీల్చుకుంటుంది. కిటికీ దగ్గర ఓ ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగిస్తే వచ్చే తేడా కొన్నిసార్లు ఖరీదైన కూలర్‌తో కూడా రాదు.

ముందు జ్వరం కొలవండి

మన దగ్గర డబ్బా మొత్తాన్నీ 'సీపీయూ' అనేస్తాం. అసలు సీపీయూ అంటే లోపలున్న ప్రాసెసర్ మాత్రమే. "సీపీయూ వేడెక్కుతోంది" అన్నప్పుడు నిజంగా వేడెక్కేది ప్రాసెసరా, గ్రాఫిక్స్ కార్డా అన్నది తేలాలి. గేమింగ్ పీసీలో ఎక్కువ వేడి పుట్టేది సాధారణంగా గ్రాఫిక్స్ కార్డులో. కానీ మార్కెట్లో దొరికే రెడీమేడ్ వాటర్ కూలర్లు దాదాపు అన్నీ ప్రాసెసర్‌కి బిగించేవే. గ్రాఫిక్స్ కార్డు ఉడికిపోతుంటే ప్రాసెసర్‌కి నీళ్లు పెట్టడం అంటే.. తలనొప్పికి మోకాలికి మందు రాసినట్టే.

హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకోండి. మీరు రోజూ ఆడే గేమ్‌నే అరగంట ఆడి, గరిష్ఠంగా ఎంత చూపిస్తోందో రాసుకోండి. గది టెంపరేచర్ కూడా పక్కనే రాయాలి, అది లేకపోతే ఆ అంకెకి అర్థం లేదు. రైజెన్ 5 5600 లాంటి ప్రాసెసర్‌కి కంపెనీ పెట్టిన గరిష్ఠ పరిమితి 90 డిగ్రీలు. రైజెన్ 7000 సిరీస్‌లో చాలావాటికి 95. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ చిప్‌లకి 100. పరిమితిని తాకగానే చిప్ కాలిపోదు, తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఫ్రేమ్స్ పడిపోవడానికి కారణం అదే.

ఇంటెల్ 13, 14వ తరం వాడేవాళ్లకి ఇంకో మాట. ఆ చిప్‌లలో కొన్నింటికి అతి వోల్టేజీ వల్ల క్రాష్ అయ్యే సమస్య 2024లో బయటపడింది. అది కూలింగ్ లోపం కాదు. కంపెనీ మైక్రోకోడ్ అప్‌డేట్లు ఇచ్చింది, వారంటీని రెండేళ్లు పెంచింది. మదర్‌బోర్డు బయోస్ అప్‌డేట్ చేయకుండా వాటర్ కూలర్ కొంటే డబ్బు దండగ.

ఒక్క రూపాయి ఖర్చు లేని చిట్కా కూడా ఉంది. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో గ్రాఫిక్స్ కార్డు పవర్ లిమిట్‌ని 80 శాతానికి తగ్గించి చూడండి. వేడి, శబ్దం బాగా తగ్గుతాయి. ఫ్రేమ్స్ తగ్గేది మాత్రం కొద్దిగానే. ఎండాకాలం మూడు నెలలు ఇలా నడిపించి, వానలు పడ్డాక మళ్లీ 100కి పెట్టుకున్నా తప్పులేదు.

పలకల ఊరి దుమ్ము

మార్కాపురం అంటే పలకలు. ఒకప్పుడు తెలుగు పిల్లలు అక్షరాలు దిద్దిన రాతి పలకలు ఎన్నో ఇక్కడివే. ఇప్పుడు బడి పలకల గిరాకీ తగ్గినా ఇళ్లకి, గోడలకి వాడే డిజైన్ పలకల పని నడుస్తోంది. ఆ రాయి కోసే యూనిట్ల దగ్గర్లో ఇల్లుంటే క్యాబినెట్‌లో చేరే దుమ్ము మామూలు ఇంటి దుమ్ములా మెత్తగా ఉండదు. సన్నటి రాతి పొడి అది. హీట్‌సింక్ రేకుల మధ్య దుప్పటిలా పరుచుకుని గాలిని ఆపేస్తుంది, ఫ్యాన్ బేరింగ్‌లలోకి వెళ్లి అరగదీస్తుంది. వాటర్ కూలింగ్ పెట్టినా తప్పించుకోలేం. రేడియేటర్ రేకులు మరింత దగ్గర దగ్గరగా ఉంటాయి, ఇంకా త్వరగా మూసుకుపోతాయి.

అందుకే కొత్త కూలర్ కొనేముందు ఉన్నదాన్ని శుభ్రం చేయండి. ప్లగ్ తీసేసి, క్యాబినెట్‌ని ఆరుబయటికి తీసుకెళ్లి చేతి బ్లోయర్‌తో ఊదాలి. ముక్కుకి మంచి మాస్క్ తప్పనిసరి. ఇది మొక్కుబడి జాగ్రత్త కాదు, రాతి పొడిలో సిలికా ఉంటుంది. పలకల కార్మికుల ఊపిరితిత్తుల్ని దెబ్బతీసే సిలికోసిస్‌కి కారణం అదే. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి, లేకపోతే విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది. తడిగుడ్డ మాత్రం వద్దు.

తర్వాత ప్రాసెసర్ కూలర్ తీసి పాత థర్మల్ పేస్ట్ తుడిచేసి, బఠాణీ గింజంత కొత్త పేస్ట్ పెట్టండి. నాలుగైదేళ్లుగా ముట్టని పీసీ అయితే ఈ రెండు పనులతోనే మీ సమస్య తీరిపోయే అవకాశం ఎక్కువ. క్యాబినెట్‌లోకి గాలి లాగే ఫ్యాన్లు బయటికి తోసేవాటికంటే ఎక్కువ ఉండేలా, లాగే చోట జాలీ ఫిల్టర్ ఉండేలా చూసుకుంటే సందుల్లోంచి దుమ్ము రావడం తగ్గుతుంది.

గదిలో నీళ్ల కూలర్ వాడేవాళ్లు దాన్ని పీసీకి ఎదురుగా పెట్టకండి. చల్లగాలి వస్తుంది నిజమే, దాంతోపాటు తేమ కూడా వస్తుంది. ఆ తేమకి రాతి పొడి తోడైతే రేకుల మధ్య బురదలా గట్టిపడుతుంది. ఊదినా పోదు. గది చల్లబడేలా కూలర్‌ని కిటికీలో పెట్టి, పీసీని పక్కకి జరిపితే చాలు.

అప్‌గ్రేడ్ ఏ వరుసలో చేయాలి?

ఉదాహరణకి 2019లో కట్టించిన పీసీ అనుకుందాం. రైజెన్ 5 2600, బీ450 మదర్‌బోర్డు, జీటీఎక్స్ 1660 కార్డు, 16 జీబీ ర్యామ్. ఇలాంటివి మన దగ్గర ఇంకా చాలానే నడుస్తున్నాయి. దీన్ని పారేయాల్సిన పనిలేదు. ఏఎండీ ఏఎం4 సాకెట్ వల్ల వచ్చిన లాభం ఇదే.. 2018 నాటి బోర్డులోనే 2022లో వచ్చిన రైజెన్ 5 5600 కూర్చుంటుంది. 65 వాట్ల చిప్ కాబట్టి దానికి నీళ్లతో పనేలేదు, రెండు మూడు వేలలో దొరికే మంచి టవర్ ఎయిర్ కూలర్ చాలు.

కానీ ఒక మెలిక ఉంది. కొత్త ప్రాసెసర్‌ని పాత బోర్డు గుర్తించాలంటే ముందు బయోస్ అప్‌డేట్ చేయాలి, అదీ పాత ప్రాసెసర్ ఉండగానే. ఆ రెండు మూడు నిమిషాల్లో కరెంటు పోయిందంటే బోర్డు లేవకపోవచ్చు. గాలివాన వచ్చేలా ఉన్న సాయంత్రం ఈ పని పెట్టుకోవద్దు. యూపీఎస్ మీద పెట్టి, బ్యాటరీ నిండుగా ఉందని చూసుకున్నాకే మొదలుపెట్టండి.

గేమ్స్‌లో అసలు తేడా చూపించేది గ్రాఫిక్స్ కార్డు. 2024 చివర్లో వచ్చిన 'ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్', 2025లో వచ్చిన 'డూమ్: ది డార్క్ ఏజెస్' లాంటివి రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ లేని కార్డుల్లో అసలు నడవవు. జీటీఎక్స్ 1660కి అది లేదు. కొత్తది తీసుకునేటప్పుడు పేరు ఒక్కటే కాదు, ఎంత కరెంటు తాగుతుందో కూడా చూడాలి. ఆర్టీఎక్స్ 4060 115 వాట్ల కార్డు. ఆర్టీఎక్స్ 5070 అయితే 250 వాట్లు. ఏసీ లేని గదిలో ఆడేవాళ్లకి ఈ తేడా బెంచ్‌మార్క్ అంకెల కంటే ముఖ్యం. నన్నడిగితే ఎండ ఊళ్లలో 200 వాట్లు దాటని కార్డులే మేలు.

కార్డు మారిస్తే ఎస్ఎంపీఎస్ కూడా చూడాలి. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన పేరులేని ఎస్ఎంపీఎస్ మీద 30 వేల కార్డు నడపడం చాలా ప్రమాదం. పేరున్న కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ గుర్తున్నది 550 నుంచి 650 వాట్లది తీసుకోండి.

ర్యామ్ విషయంలో తొందరపడొద్దు. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో మెమరీ ధరలు విపరీతంగా పెరిగాయి. డీడీఆర్4 16 జీబీ ఉంటే దాంతోనే సర్దుకోవచ్చు. కొత్త బోర్డు, డీడీఆర్5 అంటూ మొత్తం మార్చేయాలనుకునేవాళ్లు ముందు ధర కనుక్కోండి. ఇక విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పైన చెప్పిన పీసీ విండోస్ 11కి సరిపోతుంది, బయోస్‌లో టీపీఎం ఆన్ చేసుకుంటే చాలు.

మరి ఎవరికి నీళ్లు అవసరం?

ప్రాసెసర్ గట్టిగా 150 వాట్లు దాటి లాగుతుంటే.. వీడియో ఎడిటింగ్, రెండరింగ్ చేసేవాళ్లకి, కోర్ ఐ7, ఐ9 స్థాయి చిప్‌లకి.. ఏఐఓ అనే రెడీమేడ్ కూలర్ బాగుంటుంది. నీళ్లు ఫ్యాక్టరీలోనే నింపి సీల్ చేసి వస్తాయి. మనం పోసేది ఏమీ ఉండదు. 240 లేదా 360 మిల్లీమీటర్ల రేడియేటర్ మీ క్యాబినెట్‌లో పడుతుందో లేదో కొలుచుకుని కొనాలి. రేడియేటర్‌ని క్యాబినెట్ పైభాగంలో బిగించడం మంచిది. లోపల కొద్దిగా గాలి ఎలాగూ ఉంటుంది, అది ఎప్పుడూ ఎత్తైన చోటికి చేరుతుంది. పంపు అన్నిటికంటే ఎత్తులో ఉంటే ఆ గాలి పంపులో చేరి గుడగుడమంటుంది, త్వరగా చెడిపోతుంది. కంపెనీలు సాధారణంగా మూడు నుంచి ఆరేళ్ల వారంటీ ఇస్తాయి. అది అయిపోయాక కొత్తది కొనుక్కోవాలే తప్ప రిపేర్ ఉండదనుకోండి.

కస్టమ్ లూప్ అంటే బ్లాకు, పంపు, రిజర్వాయర్, రేడియేటర్, ఫిట్టింగులు అన్నీ విడివిడిగా కొని మనమే కట్టుకోవడం. గ్రాఫిక్స్ కార్డుని కూడా నీళ్లతో చల్లబరచాలంటే దాదాపు ఇదే దారి. చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది, కాదనలేం. కానీ ఏడాదికోసారి నీళ్లు మార్చాలి, ఏ చిన్న భాగం మార్చాలన్నా మొత్తం ఖాళీ చేయాలి, ఒక్క రబ్బరు రింగు పోయినా పార్సిల్ వచ్చేదాకా పీసీ మూలన పడి ఉంటుంది. ఇష్టం ఉన్నవాళ్లకి అది హాబీ. గేమ్ నడిస్తే చాలనుకునేవాళ్లకి అదో తలనొప్పి.

అసలు ప్రశ్న: ఏ నీళ్లు?

కస్టమ్ లూప్ కట్టుకోవాలనే నిర్ణయించుకున్నారా? అయితే ఈ భాగం రెండుసార్లు చదవండి.

పశ్చిమ ప్రకాశంలో నీళ్ల గోడు దశాబ్దాలది. మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి, యర్రగొండపాలెం వైపు బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. శ్రీశైలం జలాశయం నుంచి సొరంగాల ద్వారా నీళ్లు తేవాలన్న పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేసిందీ ఈ కష్టం తీర్చడానికే. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఫర్వాలేదని భారత ప్రమాణాల సంస్థ చెబుతోంది. కరిగిన లవణాలు మొత్తం కలిపి, అంటే టీడీఎస్, 500 లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 2,000 వరకు.

మన శరీరానికి ఫ్లోరైడ్ పెద్ద శత్రువు. పీసీ లూప్‌కి మాత్రం అసలు శత్రువులు కాల్షియం, మెగ్నీషియం లవణాలు, క్లోరైడ్. మీ ఇంట్లో ఎయిర్ కూలర్ గడ్డి మీద ఒక్క సీజన్‌కే తెల్లగా గట్టిగా పేరుకునే ఉప్పు చూశారా? బకెట్ అంచున, కుళాయి మూతి దగ్గర కనిపించేదీ అదే. వాటర్ బ్లాక్ లోపల రాగి రేకుల మధ్య సందు అర మిల్లీమీటరు కంటే తక్కువ. నీళ్లు వేడెక్కిన కొద్దీ ఆ పొర సరిగ్గా అక్కడే, అత్యంత వేడిగా ఉన్న చోటే కడుతుంది. ప్రవాహం తగ్గుతుంది, టెంపరేచర్ నెమ్మదిగా పెరుగుతుంది. మీరేమో పంపు పాడైందనుకుంటారు. క్లోరైడ్ అయితే లోహాన్నే తినేస్తుంది.

అందుకని బోరు నీళ్లు వద్దు, ట్యాంకర్ నీళ్లు వద్దు. కంభం చెరువు నీళ్లైనా, రేపు వెలిగొండ నీళ్లొచ్చినా లూప్‌లో పోయకూడదు. కాచి చల్లార్చినా లాభం లేదు, కాస్తే క్రిములు చస్తాయి కానీ లవణాలు చాలావరకు అందులోనే ఉంటాయి. 20 లీటర్ల క్యాన్ నీళ్లు, ఇంట్లో ఆర్వో నీళ్లు కూడా పనికిరావు. తాగడానికి రుచి ఉండాలని ఆర్వోలో కొన్ని లవణాలు కావాలనే మిగులుస్తారు. టీడీఎస్ మీటరు పెడితే పదుల్లో చూపిస్తుంది. లూప్‌కి కావాల్సింది దాదాపు సున్నా. (ఆ మీటరు ఫ్లోరైడ్‌ని విడిగా చూపించదు. తక్కువ చూపించింది కదా అని తాగే నీళ్లకి దాన్నే నమ్ముకోకండి, ల్యాబ్ పరీక్ష వేరు.)

మరి ఏది పోయాలి? కంప్యూటర్ కూలింగ్ కోసమే తయారైన రెడీమిక్స్ కూలెంట్ అన్నిటికంటే భద్రం. తుప్పు పట్టకుండా, పాచి పట్టకుండా మందు అందులోనే కలిపి ఉంటుంది. లేదంటే సీల్ ఉన్న డిస్టిల్డ్ వాటర్ కొని, దానికి తగిన మందులు విడిగా కలుపుకోవాలి. వట్టి డిస్టిల్డ్ వాటర్ పోసి వదిలేస్తే మన వేడికి కొన్ని నెలల్లోనే పచ్చగా పాచి పడుతుంది. పారదర్శక గొట్టం, ఎండ పడే కిటికీ అయితే ఇంకా త్వరగా. రంగు పొడి, మెరుపులు కలిపిన కూలెంట్లు ఫొటోలకి బాగుంటాయి, కానీ అడుగున పేరుకుని రేకుల్ని మూసేస్తాయి. మనకి వద్దు.

ఇన్వర్టర్ బ్యాటరీల షాపులో 'బ్యాటరీ వాటర్' దొరుకుతుంది కదా అంటారు. దొరుకుతుంది, కానీ నాణ్యత ఒక్కో క్యాన్‌కి ఒక్కోలా ఉంటుంది. అదే కొంటే పోసేముందు టీడీఎస్ మీటరు పెట్టి చూడండి. ఇంకో పెద్ద ప్రమాదం ఉంది. అదే షాపులో, దాదాపు అలాంటి క్యాన్‌లోనే బ్యాటరీ యాసిడ్ కూడా అమ్ముతారు. అది సల్ఫ్యూరిక్ యాసిడ్. లేబుల్ చదవకుండా ఏ క్యానూ ఇంటికి తేవద్దు. మెడికల్ షాపులో దొరికే సెలైన్ బాటిల్ శుభ్రమైనదే, కానీ అది ఉప్పు నీళ్లు. అది కూడా వద్దు. కారు రేడియేటర్ కూలెంట్‌లో సాధారణంగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం, పైగా తియ్యగా ఉంటుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో దాని జోలికి పోకండి.

"డిస్టిల్డ్ వాటర్ కరెంటుని పాస్ చేయదు, లీకైనా ఏమీ కాదు" అని ధీమాగా చెప్పేవాళ్లుంటారు. క్యాన్‌లో ఉన్నంతవరకే ఆ మాట నిజం. కొన్నాళ్లు లూప్‌లో తిరిగాక లోహాల నుంచి అయాన్లు కలుస్తాయి, బోర్డు మీద పడితే అక్కడున్న రాతి దుమ్ము, లవణాలు తోడవుతాయి. షార్ట్ అవుతుంది.

కట్టేటప్పుడు

రాగి బ్లాక్ ఉన్న లూప్‌లో అల్యూమినియం రేడియేటర్ పెట్టకూడదు. రెండు వేరే లోహాలు ఒకే నీళ్లలో ఉంటే బ్యాటరీలా పనిచేసి అల్యూమినియం తినేయబడుతుంది. ఆన్‌లైన్‌లో చౌకగా దొరికే రేడియేటర్లు చాలావరకు అల్యూమినియంవే. రాగి, ఇత్తడి, నికెల్ పూత ఉన్నవి కలిపి వాడొచ్చు.

గొట్టాల విషయంలో మన ఎండ గుర్తుంచుకోవాలి. గట్టి గొట్టాల్లో ఎక్కువగా అమ్ముడయ్యే పీఈటీజీని 60 డిగ్రీలు దాటనివ్వకూడదన్నది సాధారణంగా చెప్పే లెక్క. బాగా వాడుకలో ఉన్న డీ5 పంపు పరిమితి కూడా 60 డిగ్రీలే. ఇందాకటి లెక్క చూడండి.. 42 డిగ్రీల గదిలో నీళ్లే 52కి చేరాయి. రేడియేటర్ చిన్నదైనా, దుమ్ముతో మూసుకుపోయినా ఆ మిగిలిన 8 డిగ్రీలు ఎంతసేపట్లో అయిపోతాయి? మెత్తబడిన గొట్టం ఫిట్టింగ్ దగ్గర జారిందంటే నీళ్లు నేరుగా గ్రాఫిక్స్ కార్డు మీదే. కాబట్టి గట్టి గొట్టం కావాలనుకుంటే యాక్రిలిక్ చూడండి, లేదా మెత్తటి ఈపీడీఎం రబ్బరు గొట్టం వాడండి. నల్లగా ఉంటుంది, అందం తక్కువ, పాచి కూడా తక్కువే. రేడియేటర్‌ని మాత్రం అవసరానికంటే ఒక సైజు పెద్దది తీసుకోండి.

పంపు ఆగిపోతే ఏమవుతుందో కూడా లెక్క వేసుకోవాలి. బ్లాక్‌లో నీళ్లు కదలకపోతే ప్రాసెసర్ కొన్ని సెకన్లలోనే పరిమితిని తాకుతుంది. బయోస్‌లో పంపు ఆగితే పీసీ ఆపేసే సెట్టింగ్ ఉంటే తప్పకుండా ఆన్ చేయండి. నీళ్ల టెంపరేచర్ సెన్సర్ ఒకటి పెట్టుకుని 55 దాటితే గేమ్ ఆపేయండి.

నీళ్లు నింపాక వెంటనే పీసీ ఆన్ చేయొద్దు. మదర్‌బోర్డుకి, కార్డుకి కరెంటు ఇవ్వకుండా పంపు ఒక్కదాన్నే ఎస్ఎంపీఎస్ మీద నడపాలి. అందుకోసం 24 పిన్నుల కనెక్టర్‌కి పెట్టే చిన్న జంపర్ ప్లగ్ దొరుకుతుంది. ప్రతి ఫిట్టింగ్ కింద టిష్యూ పేపర్ పరిచి 24 గంటలు వదిలేయండి. మధ్యలో ఒక్క చుక్క తడి కనిపించినా మళ్లీ మొదటికి. ఎప్పుడైనా లీక్ కనిపిస్తే ముందు గోడ దగ్గర స్విచ్ ఆపండి, తర్వాతే తుడవండి. తడిసిన భాగాలు విప్పి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. ఆ ఆల్కహాల్ యాక్రిలిక్ గొట్టాలకి తగలనివ్వకండి, పగుళ్లొస్తాయి.

ఎర్తింగ్ ఉందా?

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందా? పీసీ లోపం అనుకుని కంగారు పడకండి. ఇంట్లో ఎర్తింగ్ లేకపోవచ్చు, ఉన్నా ఎండిపోయి ఉండొచ్చు. ఉప్పు, బొగ్గు వేసిన పాత ఎర్త్ గుంతలో ఎండాకాలం నీళ్లు పోయకపోతే అది పనిచేయదు. నీళ్లు తిరిగే మెషిన్‌కి ఎర్తింగ్ లేకపోవడం మంచిది కాదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి, ఏ కూలర్ కంటే కూడా ఇది ముందు చేయాల్సిన పని.

యూపీఎస్ సంగతి: షాపుల్లో ఎక్కువగా దొరికే 600 వీఏ యూపీఎస్ నిజానికి ఇచ్చేది 360 వాట్ల దగ్గరే. గేమ్ నడుస్తుండగా కరెంటు పోతే అది కూడా పోతుంది. 1,000 వీఏ పైది తీసుకోండి, అదీ ఆడుకోవడానికి కాదు, సేవ్ చేసి ఆపుకోవడానికి.

ఎక్కడ కొనాలి, ఎలా తేవాలి

మార్కాపురం నుంచి ఒంగోలు దాదాపు 100 కిలోమీటర్లు. గిద్దలూరు వాళ్లకి నంద్యాలే దగ్గర. ప్రాసెసర్, ర్యామ్, ఏఐఓ వరకు ఈ ఊళ్లలో తెప్పించి ఇస్తారు. కస్టమ్ లూప్ సామాన్ల కోసమైతే సికింద్రాబాద్ సీటీసీ, చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్పీ రోడ్డు.. లేదా ఆన్‌లైన్. సీరియల్ నంబర్ రాసిన జీఎస్టీ బిల్లు లేకుండా ఏదీ తీసుకోవద్దు. కొరియర్‌లో వస్తే పెట్టె విప్పేటప్పుడు సీల్ కనిపించేలా మొదటి నుంచీ వీడియో తీయండి. సర్వీస్ సెంటర్ పక్క వీధిలో లేనప్పుడు మన చేతిలో ఉండే ఆధారం అదే. ఓరింగులు, రెండు ఫిట్టింగులు, మీటరు గొట్టం, ఒక లీటరు కూలెంట్ అదనంగా ముందే తెచ్చుకోండి.

పీసీని బస్సులోనో, రైల్లోనో తీసుకెళ్లాల్సి వస్తే గ్రాఫిక్స్ కార్డు విప్పి దాని పెట్టెలో విడిగా పెట్టుకోవాలి. కస్టమ్ లూప్ ఉంటే నీళ్లు పూర్తిగా తీసేయాలి. దోర్నాల ఘాట్ రోడ్డు కుదుపులకి గట్టి గొట్టం ఏ ఫిట్టింగ్ దగ్గర వదులైందో ఇంటికొచ్చాక కంటికి కనపడదు. కాబట్టి మళ్లీ నీళ్లు నింపిన రోజు కూడా టిష్యూ పేపర్లు పరిచి, 24 గంటలు పంపు ఒక్కటే నడపాలి.